జానపద వీడియో పాటల్లో డప్పు ఎందుకు పల్చబడుతోంది?

పాలమూరు పాట:
నాకు ఇష్టమైన పాటలన్నీ డప్పు మీద నడిచేవే. పీర్ల పండుగకు అలావ (నిప్పుల గుండం) చుట్టూ ఎగిరే పాటైనా, జాతర పాటైనా ముందుగాల దరువు పట్టుకోవాలె, తర్వాతనే గొంతు. ఇప్పుడొస్తున్న జానపద వీడియోల్లో బట్టలు, రంగులు, డ్రోన్ షాట్లు మస్తుగుంటున్నయి గానీ డప్పు రేకుడబ్బా లెక్క వినబడ్తది. కురుమూర్తి జాతరల ఉద్దాల (దేవుని పాదుకల) ఊరేగింపును ఎవరో ఫోన్‌ల తీసి పెట్టిన వీడియోల ఉన్న ఊపు, ఖర్చు పెట్టి తీసిన పాటల ఉంటలేదు. లోపం రికార్డింగుదా, మిక్సింగుదా, నేను వినే ఫోనుదా? ఇంకోటి, తెర మీద డప్పు కొట్టేటోళ్ల చేతులు పాటతోని కలుస్తలేవు. తెలిసినోళ్లు జర వివరంగా చెప్పండి.

దరువు దేవరకొండ:
లోపం మైకు కంటే ముందే, తోలు కాడ్నే మొదలైతది అన్నా. తేమ పట్టిన మేకతోలు వదులైతది. దాని మీద సిర్ర (కుడిచేతి కట్టె) దెబ్బ గుమ్మనదు, బద్దుమంటది. వరిగడ్డి మంట మీద డప్పును తిప్పుకుంట కాపాలె. ఒక్క కాడనే పట్టుకుంటే తోలు కాలి పగుల్తది. వేలితోని మీటితే ఖంగుమన్నదంటే తయారైనట్టు. వానకాలంల కొద్దిసేపటికే మళ్ల మెత్తబడ్తది, అందుకే రెండు డప్పులుండాలె, ఒకటి మోగుతుంటే ఇంకోటి కాగాలె. స్టూడియోలకు బయట కాపి తీస్కపోతరు, ఆడ మైకులు సర్దుకునే లోపల శృతి దిగిపోతది. మైకులు, లెవెళ్లు వేరే డప్పుతోని ముందే సర్దిపెట్టి, కాగిన డప్పును ఆఖరికి లోపలికి తేవాలె.

సిటికెన పుల్లను కూడా మర్చిపోతున్నరు. కుడిచేతి సిర్ర దరువు నడిపిస్తే, ఎడమచేతి పుల్ల దెబ్బకు దెబ్బకు నడుమ సందు నింపుతది. కంప్యూటర్ల ఒక్క చరణాన్ని కోసి పాటంతా అతికిస్తే పుల్ల ఆట ఒకే తీరుగ తిరుగుతది. చెవి దాన్ని రెండో చరణంలనే పసిగడ్తది.

సౌండు నల్లగొండ:
పైన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మైకు సంగతి నేను చెప్త. డప్పుకు వెనక వైపు మూత ఉండదు. తోలు ముందుకు ఒరిగినప్పుడు ముందు గాలి ఒత్తుకుంటది, వెనక గాలి పలచబడ్తది. అంటే ముందు పెట్టిన మైకుకు, వెనక పెట్టిన మైకుకు అందే శబ్దాలు ఒకదానికొకటి ఉల్టా. రెండింటినీ అట్లనే కలిపితే అడుగు గుమ్ము కొట్టుకపోయి చటచట ఒక్కటే మిగుల్తది. మీరన్న రేకుడబ్బా చాలాసార్లు ఇదే. వెనక మైకు ట్రాక్ మీద ఫేజ్ మీట (శబ్దాన్ని ఉల్టా చేసేది) ఒక్కసారి నొక్కితే గుమ్ము తిరిగొస్తది.

ముందు మైకు డైనమిక్‌ది, అడుగు దూరంల, తోలుకు ఏటవాలుగా. వెనకది కొట్టేటాయన కడుపుకు, డప్పుకు మధ్యల ఇరికించొద్దు, కింది అంచు పక్కన పెట్టాలె. రికార్డింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌ల పెట్టాలె. మీటరు మీద గట్టి దెబ్బ మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలె.

ఆఖరి దెబ్బ మాస్టరింగుల, అంటే మిక్సింగు అయినంక పాటకు తుదిమెరుగు పెట్టే కాడ పడ్తది. పాట గట్టిగ మోగాలని లిమిటర్‌తో (ఎత్తైన శబ్దాలను ఒక హద్దు దాటనియ్యనిది) అణిచేస్తరు. డప్పు ప్రాణమంతా దెబ్బ మొదటి క్షణంలనే ఉంటది, లిమిటర్ ముందు తెగ్గోసేది దాన్నే. తీరా యూట్యూబ్ మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం గట్టిదనాన్ని కొలిచే లెక్క) దాటిన పాట సౌండును తనే తగ్గిస్తది. దెబ్బ పోయింది, గట్టిదనం కూడా దక్కలేదు. కంప్యూటర్‌ల వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరవండి. 'కంటెంట్ లౌడ్‌నెస్' కాడ 6, 7 డెసిబెల్స్ కనబడితే, అంటే యూట్యూబ్ కొలత కంటే అంత ఎక్కువుంటే, బాగా అణిచిన పాట అనుకోవచ్చు.

కిన్నెరకు (తీగల వాయిద్యం) వినబడకుండ పోయే ఈ గండం ఇంకా పెద్దది. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చినంక పన్నెండు మెట్ల కిన్నెరను అందరూ పాటల్ల పెట్టుకుంటున్నరు, సంతోషం. కానీ అది సొరకాయ బుర్రల నుంచి వచ్చే మెత్తటి నాదం. బుర్రకు అడుగు దూరంల కండెన్సర్ మైకు పెట్టాలె, అది మోగుతున్నంతసేపు మిక్సింగుల కీబోర్డు సౌండును పక్కకు జరపాలె. లేకుంటే తెర మీద కిన్నెర కనబడ్తది గానీ వినబడదు.

ఎడిటింగ్ మిర్యాలగూడ:
చేతులు కలవకపోవడానికి ఒక కారణం ప్లేబ్యాక్ స్పీకర్, అంటే షూటింగుల రికార్డు పాటను వినిపించే స్పీకర్. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతది. స్పీకర్ 34 మీటర్ల దూరంల ఉంటే పాట డ్యాన్సర్లకు సెకనుల పదో వంతు ఆలస్యంగా అందుతది, అంటే 25 ఫ్రేముల వీడియోల రెండున్నర ఫ్రేములు. పెదవుల కాడ అంతగా తెల్వదు, సిర్ర తోలుకు తగిలే కాడ దొరికిపోతది. స్పీకర్‌ను కెమెరాల పడకుండా వాళ్ల కాళ్ల కాడ పెట్టాలె. ఎడిటింగుల పెదవులను చూసి కాదు, సిర్ర తగిలిన ఫ్రేమును చూసి కలపాలె.

స్లో మోషన్ కోసం 50 ఫ్రేములల్ల తీస్తే పాటను రెట్టింపు వేగంతో వినిపించాలె, 25కు దించినప్పుడు సరిపోతది. షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సేపు) 1/50 సెకను పెడితే సిర్ర పొగ లెక్క అలికినట్టుంటది. ఎండల 1/200 దాకా పోవచ్చు. రాత్రి ఎల్‌ఈడీ లైట్ల కింద 1/100 దాటొద్దు, వెలుతురు మినుకుమినుకుమంటది.

అన్నిటికంటే ముఖ్యం, రికార్డింగుల కొట్టిన కళాకారులనే షూటింగుకు పిలవాలె. దరువు తెల్వని డ్యాన్సర్ మెడల డప్పేస్తే ఏ ఎడిటరూ కాపాడలేడు. ఊరేగింపు వీడియోల మీకు కనబడే ఊపు కూడా అదే, చూసే చెయ్యి, వినే దెబ్బ ఒక్కటే.

పాలమూరు పాట:
అందరికీ దండాలు. ఇప్పుడే చూసిన, కొత్త పాట ఒకటి 6.8 చూపిస్తుంది. పాత రికార్డింగ్ ఒకటి మైనస్ 5 అంటుంది, కానీ డప్పు దాంట్లనే బాగున్నట్టుంది. మైనస్ అంటే ఏంది?

సౌండు నల్లగొండ:
అది యూట్యూబ్ కొలత కంటే మెల్లగ ఉన్నదని. ఎక్కువున్నదాన్ని తగ్గిస్తది గానీ తక్కువున్నదాన్ని మామూలుగ పెంచదు. అందుకే పాత పాటకు మీరే వాల్యూమ్ పెంచి, రెండు పాటల్ల గొంతు సమానంగ వినబడేటట్టు చేసుకొని, అప్పుడు డప్పును పోల్చండి. ఫోన్ స్పీకర్ల మాత్రం వద్దు, అడుగు గుమ్ము దాంట్ల పలకదు. వైరున్న ఇయర్‌ఫోన్స్ చాలు.