వేడెక్కాక ఆల్టర్నేటర్ వోల్టేజ్ పడిపోతోంది: రెగ్యులేటరా, డయోడ్లా?

నా కారులో ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేది) సరిగా పనిచేయట్లేదు. అందులో వోల్టేజ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయిందో, ఏసీ కరెంటును డీసీగా మార్చే డయోడ్లు పోయాయో తెలియట్లేదు. కారు స్టార్ట్ చేయగానే బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ 14.2 వోల్టులు చూపిస్తుంది. 20 నిమిషాలు నడిచాక హెడ్‌లైట్లు, బ్లోయర్ వేస్తే 12.6కి జారిపోతుంది. ఇంజిన్‌ని 2000 ఆర్‌పీఎంకి లేపినా 12.9 దాటదు. అయినా డాష్‌బోర్డులో బ్యాటరీ లైటు వెలగదు, నాకు టెన్షన్ అంతా అక్కడే.

బ్యాటరీ కొత్తది వేశాను, బెల్టు బిగించాను, టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్లటి పొడి గీకేశాను. మార్పు లేదు. ఆల్టర్నేటర్ వెనక అవుట్‌పుట్ బోల్టు మీద ప్రోబ్ పెట్టినా అదే 12.9, కాబట్టి వైరుది తప్పు కాదనుకుంటున్నాను. నెగటివ్ వైపు వైరులో పోయే వోల్టేజ్ (డ్రాప్) కూడా 0.05 వోల్టులే. మీటర్‌ను ఏసీ వోల్టులకు తిప్పి బ్యాటరీ దగ్గర చూస్తే, చల్లగా ఉన్నప్పుడు 0.04, వేడెక్కాక 0.3 వస్తోంది.

ఆల్టర్నేటర్ విప్పకుండానే, పోయింది రెగ్యులేటరా డయోడ్లా అని తేల్చుకోవడానికి ఇంకే కొలత తీసుకోవాలి?