ఎస్‌టీఎం32ఎఫ్407: సీసీఎం ర్యామ్‌లో పెట్టిన టేబుల్‌లో చెత్త విలువలు వస్తున్నాయి

ప్రశ్న: నమస్కారం. ఎస్‌టీఎం32ఎఫ్407 మైక్రోకంట్రోలర్ చిప్ మీద జీసీసీ కంపైలర్ వాడుతున్నాను. ఫిల్టర్ కోఎఫిషియెంట్ల టేబుల్‌ని సెక్షన్ ఆట్రిబ్యూట్‌తో (ఏ మెమరీ భాగంలో పెట్టాలో కంపైలర్‌కి చెప్పే గుర్తు) సీసీఎం ర్యామ్‌లో (ప్రాసెసర్‌కి నేరుగా కలిపిన విడి ర్యామ్) పెట్టి, డిక్లరేషన్‌లోనే విలువలు ఇచ్చాను. డీబగ్గర్‌తో లోడ్ చేస్తే బాగానే నడుస్తోంది. పవర్ తీసి మళ్లీ ఇస్తే టేబుల్ నిండా చెత్తే. పైగా ఫ్లాష్‌లో రాసే బిన్ ఫైల్ 128 ఎంబీ దాటింది, చిప్‌లో ఫ్లాష్ ఉన్నదే 1 ఎంబీ. స్టార్టప్ ఫైల్‌లో (చిప్ ఆన్ కాగానే మొదట నడిచే కోడ్) ఏం మార్చాలి?

జవాబు: రెండిటికీ మూలం ఒకటేనండీ. ముందు లింకర్ స్క్రిప్ట్ (ఏది ఏ చిరునామాలో ఉండాలో చెప్పే ఫైల్) చూడండి, స్టార్టప్ సంగతి తర్వాత. సీసీఎం సెక్షన్ చివర "ఏటీ ఫ్లాష్" అన్న భాగం (మొదటి విలువల కాపీని ఫ్లాష్‌లో ఉంచమని చెప్పేది) లేకపోతే లింకర్ ఆ విలువలను నేరుగా హెక్స్ 10000000 దగ్గర పెడుతుంది. ఫ్లాష్ మొదలయ్యేది హెక్స్ 08000000 దగ్గర. మధ్య దూరం సరిగ్గా 128 ఎంబీ, బిన్ ఫైల్ ఆ ఖాళీనంతా నింపుకుంటూ పోతుంది. డీబగ్గర్ ఎల్ఫ్ ఫైల్ (చిరునామాలతో సహా ఉండే ప్రోగ్రామ్ ఫైల్) చదివి విలువలను తిన్నగా ర్యామ్‌లోనే రాస్తుంది, అందుకే అప్పుడు పనిచేసింది. పవర్ పోయాక వాటిని తిరిగి నింపే కోడ్ ఎక్కడా లేదు.

లింకర్ స్క్రిప్ట్‌లో ఏటీ ఫ్లాష్ చేర్చి, మూడు సింబల్స్ పెట్టండి: ఫ్లాష్‌లో మూలం చిరునామా, సీసీఎంలో మొదలు, చివర. మొదలుకీ చివరకీ 4 బైట్ల అలైన్‌మెంట్ తప్పనిసరి, కాపీ జరిగేది వర్డ్ లెక్కన కాబట్టి.

ఇక రీసెట్ హ్యాండ్లర్, అంటే స్టార్టప్ ఫైల్‌లో రీసెట్ కాగానే నడిచే కోడ్. అందులో డేటా సెక్షన్‌ని (మొదటి విలువలు ఇచ్చిన వేరియబుల్స్) ఫ్లాష్ నుంచి ర్యామ్‌కి కాపీ చేసే లూప్ ఉంటుంది: ఆర్0 రిజిస్టర్‌లో గమ్యం, ఆర్1లో చివర, ఆర్2లో మూలం, ఆర్3లో ఆఫ్‌సెట్. ఆ లూప్‌నే కింద మరోసారి పెట్టి మీ మూడు సింబల్స్ ఇవ్వండి. లేబుల్ పేర్లు మార్చడం మరవకండి, లేకపోతే అసెంబ్లర్ ఒకే సింబల్ రెండుసార్లు ఉందని ఎర్రర్ ఇస్తుంది. ఈ లూప్ లిబ్‌సీ ఇనిట్ అర్రే పిలుపుకి ముందే ఉండాలి. సీ++ కన్‌స్ట్రక్టర్లు అక్కడే నడుస్తాయి, వాటికి టేబుల్ అవసరం పడొచ్చు.

మరో జవాబు: పై జవాబుకి ఒక చేర్పు. విలువ ఇవ్వని పెద్ద బఫర్లను ఇదే సెక్షన్‌లో పెట్టకండి. 40 కేబీ బఫర్ పెడితే ఫ్లాష్‌లో 40 కేబీ సున్నాలు కూర్చుంటాయి. వాటికి నోలోడ్‌తో (ఫ్లాష్‌లో చోటు తీసుకోవద్దని లింకర్‌కి చెప్పే గుర్తు) వేరే సెక్షన్ చేసి, బీఎస్ఎస్‌ని (విలువ ఇవ్వని మామూలు వేరియబుల్స్ ఉండే భాగం) సున్నా చేసే లూప్ లాంటిదే ఇంకొకటి రాయండి. నోలోడ్ పెట్టి ఊరుకుంటే అందులో ఏముంటుందో చెప్పలేం.

అడిగినవారు: చాలా థాంక్సండీ, ఇప్పుడు బిన్ సైజు మామూలుగా ఉంది. స్టాక్ కూడా సీసీఎంకి మార్చేయొచ్చా?

జవాబు: మార్చొచ్చు. స్టాక్ మొదలయ్యే చిరునామా చెప్పే ఈస్టాక్ సింబల్‌ని హెక్స్ 10010000కి మార్చండి, అది 64 కేబీ సీసీఎం చివర. సీసీఎం క్లాక్ రీసెట్ తర్వాత ఆన్‌లోనే ఉంటుంది, విడిగా ఆన్ చేయక్కర్లేదు. చిక్కంతా డీఎంఏతోనే (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాని కదిలించే భాగం). ఎఫ్407లో సీసీఎం ప్రాసెసర్ డీ-బస్‌కే (డేటా కోసం ఉన్న దారి) కలిసి ఉంటుంది, డీఎంఏకి అందదు. స్టాక్ మీది లోకల్ అర్రేని యూఆర్ట్ (సీరియల్ పోర్ట్) డీఎంఏకి ఇస్తే హాల్ లైబ్రరీ ఫంక్షన్ ఓకే అనే చెబుతుంది, డేటా మాత్రం వెళ్లదు, ట్రాన్స్‌ఫర్ ఎర్రర్ ఫ్లాగ్ వస్తుంది. డీఎంఏ బఫర్లన్నీ గ్లోబల్‌గా హెక్స్ 20000000 ర్యామ్‌లో పెట్టాకే స్టాక్ కదపండి. సీసీఎం డీ-బస్‌కే కలిసి ఉన్నందువల్లే ఈ చిప్‌లో అక్కడి నుంచి కోడ్ నడవదు. ఎస్‌టీఎం32ఎఫ్303 చిప్‌లో నడుస్తుంది కదా అని అక్కడి ఉదాహరణ తెచ్చి పెట్టేస్తే ఫాల్ట్‌లోకి పోతుంది.

అన్నట్టు, లింకర్ ఇచ్చే మ్యాప్ ఫైల్‌లో (చిరునామాల జాబితా) సీసీఎం సెక్షన్ ఎదురుగా లోడ్ అడ్రస్ హెక్స్ 08తో మొదలవుతోందో లేదో చూసుకోండి. తర్వాత డీబగ్గర్ వైరు పీకి, పవర్ తీసి ఇచ్చి పరీక్షించండి. వైరు ఉండగా చేసిన పరీక్షని ఈ విషయంలో నమ్మలేం.