ఎలైజా తన భర్తని ‘మీరు’ అనొచ్చా?

మా ఊళ్ళో పాత సినిమాలు వేసే చిన్న బృందం ఒకటుంది. ఈసారి 1956 నాటి ‘ఫ్రెండ్లీ పర్సుయేషన్’ వేస్తున్నాం, తెలుగు సబ్‌టైటిళ్ళు రాసే పని నాకు అప్పగించారు. విలియం వైలర్ తీసిన సినిమా, గ్యారీ కూపర్ హీరో, 1957లో కేన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ అందుకుంది. అమెరికా అంతర్యుద్ధం నాటి ఇండియానాలో సేద్యం చేసుకునే బర్డ్‌వెల్ కుటుంబం కథ. వాళ్ళు క్వేకర్లు, అంటే క్రైస్తవంలో ఒక శాఖవాళ్ళు, ఆయుధం పట్టకూడదన్నది వాళ్ళ నియమం. యుద్ధం పొలిమేర దాకా వచ్చేసరికి పెద్దకొడుకు జాష్ తుపాకీ పట్టాలా వద్దా అని నలిగిపోతాడు. నా చిక్కు మాత్రం ఒక్క సర్వనామం దగ్గర.

ఆ ఇంట్లో ఒకరినొకరు ‘యూ’ అనుకోరు, ‘దీ’ అనుకుంటారు. వినగానే పాత బైబిల్ భాషలా ఉంటుంది కాబట్టి ‘నీవు’, ‘తమరు’ అని గ్రాంథికంగా పెట్టేద్దామని మావాళ్ళలో కొందరన్నారు. నాకు మనసొప్పలేదు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ‘యూ’, ‘దౌ’ల (‘దీ’ ఈ ‘దౌ’కి ఇంకో రూపమే) మధ్య ఉన్న తేడా ఇంచుమించు మన మీరు, నువ్వుల తేడాయే. పెద్దింటివాణ్ణి ‘యూ’ అనాలి, కిందివాణ్ణి ‘దౌ’ అనొచ్చు. జార్జ్ ఫాక్స్, ఆయన వెంట నడిచిన తొలి క్వేకర్లు మనుషుల్లో ఎక్కువ తక్కువలు లేవని నమ్మి, న్యాయాధికారి ఎదుట కూడా టోపీ తియ్యలేదు, ఏకవచనం వదల్లేదు. తన్నులు తిన్నారు, జైళ్ళకి వెళ్ళారు. తర్వాత్తర్వాత ఊరందరూ అందర్నీ ‘యూ’ అనడం మొదలుపెట్టి ఆ తేడానే మర్చిపోయారు. క్వేకర్ల ఇళ్ళలో మాత్రం పాత ఏకవచనం నిలిచింది. అమెరికాలోనైతే ‘దౌ ఆర్ట్’ అనే వ్యాకరణం కూడా వదిలేసి ‘దీ ఈజ్’ అనేసేవారు. అంటే అది గ్రాంథికం కాదు, వంటింట్లో వాడే మాట.

కాబట్టి ‘నువ్వు’ అనే రాద్దామని కూర్చున్నాను. ఇంటి యజమాని జెస్‌తో అతని భార్య ఎలైజా మాట్లాడే మొదటి సీనులోనే చెయ్యి ‘మీరు’ అని రాసేసింది. మనకి అలవాటైన సినిమా భార్య అలాగే మాట్లాడుతుంది మరి. కానీ ఎలైజా వాళ్ళ సమాజంలో ప్రబోధం చేసే మనిషి. ఆమె నోట ‘మీరు’ పెడితే ఆ ఇంటి మతమే మారిపోతుంది.

పొలంలో పనిచేసే ఈనక్ దగ్గర ఇంకో రకం ఇబ్బంది. అతను బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన నల్లజాతి మనిషి. జెస్ అతన్ని ‘నువ్వు’ అంటే మన ప్రేక్షకులకి పాలేరుతో మాట్లాడినట్టే వినిపిస్తుంది. క్వేకర్లని యుద్ధానికి రమ్మని అడగడానికొచ్చిన సైన్యాధికారిని కూడా ‘నువ్వు’ అంటేనే ఈనక్‌ని అన్న ‘నువ్వు’లో చిన్నచూపు లేదని తెలుస్తుంది. ఒక్కచోట ‘మీరు’ పడినా ఈ లెక్క చెడిపోతుంది. దీనిమీద మీ అందరి మాటా కావాలి.

మొదటి జవాబు:

అక్కా, మా దిక్కు ఇది కష్టమే కాదు. తాతను సుత నువ్వే అంటం. ‘తాతా, నువ్వు తిన్నవా?’ అంటే మర్యాద యాడ తగ్గింది? మర్యాద ఆ ‘తాతా’లనే ఉన్నది. పొలం పనికి వోయే ఇండ్లల్ల పెండ్లాం మొగన్ని ‘ఏమయ్యా, నువ్వు’ అనుడు ఊరూరా వినొచ్చు. ‘ఏమండీ’ అందరి మాట కాదు. సేద్యం జేసే కుటుంబం కథ అంటున్నవు గదా, సేద్యం జేసేటోళ్ళ నోట్ల మాటనే పెట్టు.

రెండో జవాబు:

అమ్మా, కొంచెం వెనక్కి వెళ్తే మనకూ ఇదే దారి ఉంది. నన్నయ భారతంలో శకుంతల నిండు సభలో దుష్యంతుణ్ణి నిలదీసేటప్పుడు ‘సూనృతవ్రత’ అని సంబోధిస్తుంది, ఏకవచనంలోనే మాట్లాడుతుంది. అందులో అగౌరవం ఎవరికీ కనిపించలేదు. దేవుణ్ణి నేటికీ ‘నువ్వు’ అనే పిలుస్తున్నాం. అయితే ఒక జాగ్రత్త: తెలుగులో గౌరవం సర్వనామంలోనే లేదు, క్రియలోనూ ఉంది. దాన్ని వదలొద్దు.

నా జవాబు:

మాస్టారూ, క్రియ గురించి మీరన్నది నాకు సరిగ్గా అవసరమైన చోట పనికొచ్చింది. జెస్ స్నేహితుడు శామ్ జోర్డన్‌ని కాల్చిన దక్షిణాది తిరుగుబాటు సైనికుడు జెస్ మీద కూడా కాల్పులు జరిపి, చివరికి అతని చేతికే చిక్కుతాడు. జెస్ వాణ్ణి వదిలేస్తాడు. మొదట ‘నిన్నేం చెయ్యను, పో’ అని రాశాను. ‘పో’ అనగానే ఛీత్కారం వచ్చేసింది, క్షమించినట్టు లేదు, తరిమినట్టుంది. ఇప్పుడు ‘నిన్నేం చెయ్యను, వెళ్ళు’ అని మార్చాను. సర్వనామం అదే, ఈనక్‌ని అన్నదే, ఎలైజాని అన్నదే. మారింది క్రియ ఒక్కటే.

తమ్ముడూ, ‘ఏమయ్యా’ నాకు చాలా నచ్చింది. కాకపోతే ఎలైజా అతన్ని జెస్ అని పేరుపెట్టే పిలుస్తుంది. క్వేకర్లు ‘మిస్టర్’, ‘సర్’ లాంటివి కూడా వాడేవారు కారు. అందుకని ‘అయ్యా’, ‘గారు’ కూడా వాళ్ళ నోట పెట్టడం లేదు. ‘జెస్, నువ్వు’ అని ఉంచేస్తున్నాను. మొదటి పది నిమిషాలు ప్రేక్షకులకి గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. అప్పటి అమెరికన్లకీ ఆ మాట అలాగే వింతగా వినిపించేది.

ఒక్క వెసులుబాటు ఉంది. తిరుగుబాటు దండు పొలంలోకి వచ్చి పడ్డప్పుడు ఎలైజా వాళ్ళకి అన్నం పెడుతుంది. (1863 జూలైలో దక్షిణాది సేనాని జాన్ హంట్ మోర్గాన్ సుమారు 2,000 మంది గుర్రపుదళంతో ఒహాయో నది దాటి నిజంగానే ఇండియానా మీద పడ్డాడు. జెస్సమిన్ వెస్ట్ రాయగా 1945లో పుస్తకంగా వచ్చిన మూలకథలకి ఆధారాల్లో ఆ దాడి ఒకటి.) అక్కడ ‘మీరు తినండి’ అనే రాశాను. ఎదురుగా ఉన్నది గుంపు కాబట్టి అది బహువచనం, మర్యాద లెక్కలోకి రాదు.

ఇంకొకటి మిగిలింది. కూతురు మాటీ మనసిచ్చిన గార్డ్ జోర్డన్ క్వేకర్ కాదు. ఆమె అతన్ని ‘నువ్వు’ అంటుంది, ఆ అమ్మాయికి ఇంట్లో నేర్పింది అదే. అతను మాత్రం ఆమెని ‘నువ్వు’ అంటే మన సినిమా ప్రేమికుడిలా వినిపిస్తుంది, ‘మీరు’ అంటే కొత్తవాడిలా. ఉత్తరాంధ్ర వాళ్ళు ఎవరైనా ఉంటే, మీ ఊళ్ళలో పెళ్ళి కుదరని వయసు పిల్లలు ఒకరినొకరు ఎలా పలకరించుకుంటారో రాయండి.