చిన్న చేపను వదిలి పెద్దదాన్ని పట్టుకెళ్లడం: ఈ రూలు తలకిందులుగా ఉందా?

గాలంపుల్ల:
చాలా సరస్సుల్లో ఉండే రూలే ఇది. ఇన్ని సెంటీమీటర్ల లోపు చేప పడితే తిరిగి నీళ్లలో వదిలెయ్యాలి, ఆ గీత దాటితే మనది. ప్రతి చేపా పట్టుబడేలోపు కనీసం ఒక్కసారైనా గుడ్లు పెట్టాలన్నది దీని వెనకున్న లెక్క. వినడానికి బాగానే ఉంది, నేనూ ఏళ్ల తరబడి టేపు జేబులో పెట్టుకునే తిరుగుతున్నాను. కానీ గీత దాటిన ప్రతి చేపనీ ఎవరో ఒకరు పట్టుకెళ్తూ ఉంటే కొన్నాళ్లకి సరస్సులో మిగిలేవన్నీ గీతకి వేలెడు కిందున్నవే. ముసలి తల్లి చేప ఒక్కటీ కనబడదు.

నా బాధంతా ఆ తల్లి చేపల గురించే. చేప పొడవు రెట్టింపైతే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది, చాలా జాతుల్లో గుడ్లు బరువు కంటే కూడా ఎక్కువ వేగంగా పెరుగుతాయి. 2018లో 342 సముద్రపు జాతుల లెక్కలు తీసి ఒక పరిశోధన వచ్చింది. అందులో అట్లాంటిక్ కాడ్ ఉదాహరణ చూడండి: 30 కిలోల ఆడ చేప ఒక్కటి పెట్టే గుడ్లు, 2 కిలోల చేపలు 28 కలిసి పెట్టే గుడ్ల కంటే ఎక్కువ. ఆ 28 చేపల బరువు కలిపితే 56 కిలోలండీ! సముద్రపు అంకెలు సరస్సుకి అచ్చంగా సరిపోవు, ఒప్పుకుంటాను, కానీ దారి మాత్రం అదే.

అందుకే నేననేది, చిన్నవీ వదలాలి, బాగా పెద్దవీ వదలాలి, నడిమి సైజువే తీసుకోవాలి. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో నైలు పెర్చ్ అనే పెద్ద చేపకి 50 నుంచి 85 సెంటీమీటర్ల మధ్యవే పట్టాలని పెట్టారు. మీరేమంటారు?

వలకన్ను:
అన్నా, ఇది గాలం వేసేవాళ్ల ఆలోచన. గాలానికి పడ్డ చేపను కొలిచి, ముద్దు పెట్టుకుని వదలొచ్చు. నిలువు వలలో మొప్పల దగ్గర ఇరుక్కుని రాత్రంతా ఉన్న చేపను పొద్దున తీసి "నువ్వు 86 సెంటీమీటర్లున్నావు తల్లీ, వెళ్లిరా" అంటే అది ఎక్కడికెళ్తుంది? అప్పటికే చచ్చి ఉంటుంది. వల వేసేవాడికి చేప మీద రూలు పెట్టి లాభం లేదు, వల కన్ను మీద పెట్టాలి.

ఇంకో సంగతి, మీరు అడిగే నడిమి సైజు పద్ధతి నిలువు వలలో సగం ముందే ఉంది. కన్ను కంటే సన్నగా ఉన్న చేప దూరి వెళ్లిపోతుంది, మరీ లావుది తల దూరక తప్పించుకుంటుంది, ఇరుక్కునేది మధ్యది. కన్ను సైజు సరిగ్గా చూసుకుని, అంతకు మించి పెద్ద కన్ను వలలు వాడకుండా చూస్తే పెద్ద చేపలు వాటంతట అవే బతుకుతాయి. లాగుడు వల సంగతి వేరు, అది ఊడ్చేస్తుంది, దానికి ఏ సెంటీమీటర్లూ పనికిరావు.

నిదానం:
గాలంపుల్ల గారూ, గుడ్లు ఎక్కువైతే చేపలు ఎక్కువవుతాయని మీరు నేరుగా లెక్కేసేశారు. ఒక్కో తల్లి చేప లక్షల గుడ్లు పెట్టేచోట గుడ్లకి కరువెక్కడిది? కరువంతా వాటికి కావలసిన తిండికీ, దాక్కునే చోటుకీ. సరస్సు మోయగలిగినన్ని పిల్లలే బతుకుతాయి, మిగతావి పోతాయి, గుడ్లు పది లక్షలైనా ఇరవై లక్షలైనా.

పైగా కొన్ని సరస్సుల్లో చిన్న చేపల్ని కాపాడడమే తప్పు. ఇంగ్లండ్‌లో విండర్‌మియర్ సరస్సు కథ చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తిండి కరువు వల్ల 1941 నుంచి అక్కడ బోనులు పెట్టి పెర్చ్ చేపల్ని కుప్పలు తెప్పలుగా పట్టి డబ్బాల్లో పెట్టారు. అంతకు ముందు ఆ సరస్సులో పెర్చ్‌లు చాలా ఎక్కువ, కానీ చిన్నవి. రద్దీ తగ్గేసరికి మిగిలినవి బాగా పెరిగాయి. జిలేబీ చేప ఉన్న చెరువు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, అరచేతి సైజులోనే గుడ్లు పెట్టి చెరువంతా నింపేస్తుంది, ఒక్కటీ ఎదగదు. అలాంటి చోట చిన్నవి వదలమనే రూలు ఎవరిని కాపాడుతోంది?

గాలంపుల్ల:
నిదానం గారూ, గుడ్ల పాయింటు సగమే ఒప్పుకుంటాను. పెద్ద చేపల వల్ల గుడ్ల సంఖ్య ఒక్కటే కాదు లాభం. వయసున్న చేపలు సరస్సులో ఉంటే ఒక ఏడాది నీళ్లు లేకో, చలికో పిల్లలు మొత్తం పోయినా ఇంకో ఏడాది మళ్లీ గుడ్లు పెట్టడానికి అవి ఉంటాయి. అన్నీ రెండేళ్ల చేపలే అయితే రెండు చెడ్డ ఏడాదులు వరసగా వస్తే అంతే సంగతులు. అదీకాక మాంసం తినే జాతుల్లో పెద్దవే మీరు చెప్పిన అరచేతి చేపల్ని తిని రద్దీ తగ్గించేది. వాటిని పట్టుకెళ్లిపోయి, చిన్నవి ఎక్కువైపోయాయని మళ్లీ మనమే ఏడుస్తాం.

ఇంకోటి, చేపల రకమే మారిపోవడం. అమెరికాలో డేవిడ్ కానొవర్, స్టీఫన్ మంచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తొట్టెల్లో సిల్వర్‌సైడ్ అనే చిన్న చేపల్ని పెంచి, ఒక గుంపులో ప్రతి తరంలోనూ పెద్దవాటిని తీసేశారు, ఇంకో గుంపులో చిన్నవాటిని తీసేశారు. 2002లో ఫలితాలు బయటపెట్టారు. నాలుగే నాలుగు తరాలు! పెద్దవాటిని తీసేసిన గుంపు మొదట్లో ఎక్కువ దిగుబడి ఇచ్చి, తర్వాత వెనకబడింది. నెమ్మదిగా పెరిగే చేపలే మిగిలి, వాటి పిల్లలూ అలాగే పుట్టాయి. "గీత దాటితే మనదే" అనే రూలుతో మనం చేస్తున్నది కూడా ఇదే కదా?

ఒంటరికొంగ:
ఆ ప్రయోగంలో ప్రతి తరంలో 90 శాతం చేపల్ని తీసేశారన్నది కూడా చెప్పాలి కదా బ్రదర్. అంత ఘోరంగా ఏ సరస్సులో పడతారు? (సరే, కొన్నిచోట్ల పడతారు.) తొట్టెలో చేపల్ని తినే పక్షి లేదు, పైక్ లాంటి వేటాడే పెద్ద చేప లేదు. విండర్‌మియర్‌లోనే పైక్ చేపల మీద దశాబ్దాల లెక్కలున్నాయి, అక్కడ మనుషుల వేట చేపల సైజుని చిన్నదాని వైపు లాగితే ప్రకృతి పెద్దదాని వైపు లాగింది, వేట తగ్గినప్పుడు ప్రకృతిదే పైచేయి అయ్యింది. కాబట్టి అంత భయపడాల్సిన పనిలేదు అంటాను, అసలు భయమే లేదని మాత్రం అనను.

నాకు మీ నడిమి సైజు పద్ధతిలో నచ్చనిది ఒకటే. వదిలిన చేప బతుకుతుందని అందరూ అనుకునే మాట్లాడుతున్నారు. గాలానికి పట్టి వదిలిన చేపల చావు మీద వచ్చిన వందల పరిశోధనల్ని కలిపి చూస్తే సగటున 18 శాతం చనిపోతాయని తేలింది. జాగ్రత్తగా వదిలితే, చల్లటి నీళ్లయితే చాలా తక్కువ. ఎండాకాలం వేడి నీళ్లలో, గాలం గొంతు లోపలికి దిగితే చాలా ఎక్కువ. ఇప్పుడు లెక్కేయండి. మీ రూలు ప్రకారం ఉంచుకోదగ్గది ఒకటి దొరికేసరికి పది వదలాల్సి వచ్చిందనుకుందాం. ఆ పదింటిలో దాదాపు రెండు చస్తాయి. అంటే ఒక చేప ఇంటికెళ్లింది, రెండు ఎవరికీ కాకుండా అడుగున కుళ్లిపోయాయి. రూలు ఎంత ఇరుకైతే ఈ వృథా అంత పెరుగుతుంది. దానికంటే "రోజుకి ఇన్ని, పడ్డవి పడ్డట్టు తీసుకుని ఇంటికెళ్లు" అనడం నయం కాదా?

వలకన్ను:
ఇది కరెక్టు. లోతు నీళ్లలోంచి గబగబా పైకి లాగిన చేప గాలితిత్తి ఉబ్బి వెల్లకిలా తేలుతూ ఉంటుంది, ఈదలేదు. దాన్ని వదిలి "సంరక్షణ చేశాను" అని ఫొటో పెట్టేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది.

గాలంపుల్ల:
ఫొటోలు నేనూ పెట్టాను అన్నా, ఊరుకో 🙂 గొంతులో దిగితే గాలం పీకకుండా దారం కోసేసి వదలాలి, పీకితే పేగులు వచ్చేస్తాయి. ముల్లు లేని గాలం వాడాలి, చేతులు తడి చేసుకుని పట్టుకోవాలి, ఒంటి మీది జిగురు పోకూడదు. ఇవన్నీ చేస్తే మీ 18 చాలా తగ్గుతుంది. కానీ ఎండ మండే రోజుల్లో పట్టి వదలడం మానెయ్యాలన్నది మాత్రం ఒప్పుకుంటున్నాను, ఆ సంగతి ముందు ఆలోచించలేదు.

తూముదగ్గర:
మీరంతా కిలోల గురించి ఒకరు, పెద్ద చేప గురించి ఒకరు మాట్లాడుతూ కొట్టుకుంటున్నారు. కరిబా సరస్సు తెలుసా? జాంబియా, జింబాబ్వే రెండు దేశాల మధ్య ఉన్న ఆనకట్ట సరస్సు. జింబాబ్వే వైపు వల కన్ను మీద, వేటగాళ్ల సంఖ్య మీద గట్టి కట్టడి ఉండేది. జాంబియా వైపు చాలామంది, సన్న కన్ను వలలు, రూలు ఉన్నా లేనట్టే. అందరూ జాంబియా వైపు నాశనమైపోయి ఉంటుందనుకున్నారు. తీరా చూస్తే అక్కడ దిగుబడి ఎక్కువ, పెద్ద చేపలు తక్కువ. చిన్నవీ పెద్దవీ అన్ని సైజులూ కొద్దికొద్దిగా పడితే సరస్సు తట్టుకుంటుందని వాదించే శాస్త్రవేత్తలకి ఇది ఇష్టమైన ఉదాహరణ.

కాబట్టి ముందు ఏం కావాలో చెప్పండి. నలుగురికి తిండి కావాలా, జీవితంలో ఒక్కసారి పడే పెద్ద చేప కావాలా? మొదటిదైతే మీ నడిమి సైజు రూలు అడ్డం. రెండోదైతే అదే మందు.

నిదానం:
మంచి ప్రశ్న. ఇంకోటి కూడా కలుపుకోండి, ఆ చేప ఆ నీళ్లలో అసలు గుడ్లు పెడుతుందా లేదా? బొచ్చె, శీలావతి లాంటివి నిలవ నీళ్లలో మామూలుగా గుడ్లు పెట్టవు, వానలకి పారే నీళ్లు కావాలి. పిల్లల్ని తెచ్చి వదిలిన చెరువులో తల్లి చేపని కాపాడితే అది ముసలిదవుతుంది, అంతే. అక్కడ కనీస సైజు పెట్టేది అది బరువెక్కేదాకా ఆగడానికే, సంతానం కోసం కాదు. కొర్రమేనుది మళ్లీ ఇంకో కథ, పిల్లల గుంపు వెనకే ఉండి కాపలా కాస్తుంది, ఆ రోజుల్లో దాన్ని పడితే సైజు ఎంతైనా పిల్లలన్నీ పోయినట్టే. దానికి సెంటీమీటర్లు కాదు, కొన్ని వారాలు వేట ఆపడం కావాలి.

ఒంటరికొంగ:
జర్మనీలో 20 చిన్న సరస్సుల్లో ఆరేళ్లు చూశారు, 2023లో వచ్చింది. కొన్నింట్లో చేప పిల్లల్ని తెచ్చి వదిలారు, కొన్నింట్లో ఎండిన చెట్ల కొమ్మలు వేశారు, కొన్నింట్లో ఒడ్డు తవ్వి లోతు తక్కువ ఉండే జాగా చేశారు. పిల్లల్ని వదిలితే చేపల సంఖ్య పెరగలేదు. లోతు తక్కువ జాగా చేసినచోట పెరిగాయి. మనం ఇక్కడ టేపు పట్టుకుని పోట్లాడుతున్నాం, అవతల మన సరస్సుల ఒడ్డుకి సిమెంటు గోడ కట్టేస్తున్నారు.

గాలంపుల్ల:
ఒడ్డు సంగతి నిజమే, కానీ గోడ కట్టేది ఆపడం నా చేతిలో లేదు, చేప వదలడం ఉంది. తూముదగ్గర గారి ప్రశ్నకి నా జవాబు ఇది: తమంతట తాము గుడ్లు పెట్టే జాతులు, గాలం వేటే ఎక్కువ ఉన్న సరస్సు, అలాంటి చోట నడిమి సైజు. మిగతా చోట్ల వద్దులెండి.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పోయినసారి నాకు పడ్డ చేప గీతకి ఒక్క సెంటీమీటరు తక్కువ. తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కూడా కొలిచాను. గాలం పేగుల్లోకి దిగింది, మొప్పల్లోంచి నెత్తురు, బతకదని చూస్తేనే తెలుస్తోంది. రూలు ప్రకారం వదిలాను. పది గజాలు వెళ్లి వెల్లకిలా తేలింది. ఇలాంటిది ఉంచుకోనిస్తే ఏం పోయింది?

వలకన్ను:
ఉంచుకోనిస్తే రేపటినుంచి ఆ సరస్సులో పడే ప్రతి చిన్న చేపకీ పేగుల్లోనే దిగుతుంది గాలం. తేలిన దాన్ని కొంగ తింటుంది, వదిలెయ్.

ఒంటరికొంగ:
థాంక్సండీ.