పొగాకు కూలీల వాంతులకు కారణం ఎండా, ఆకు మీది తడా?

కొండపి టీచరు:
మా కొండపి వైపు వర్జీనియా పొగాకు రెలుపులు (ఆకు కోతలు) మొదలయ్యాయంటే, కూలికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లలో కొందరు అన్నం ముట్టకుండా తల పట్టుకుని పడుకోవడం ఏటా చూస్తున్నదే. వాంతులు, కళ్లు తిరగడం, కాళ్లలో సత్తువ లేకపోవడం. రైతులు ఎండదెబ్బ అంటారు, ఇంట్లో పెద్దవాళ్లు పైత్యం అంటారు. ఇది పచ్చి ఆకు నుంచి చర్మం గుండా ఒంట్లోకి చేరే నికోటిన్ ప్రభావమని, దాన్ని నివారించే బాధ్యత పని చేయించుకునేవారిదేనని నా వాదన. కాదనేవారు కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

టంగుటూరు రైతు:
టీచరు గారూ, మా నాన్నగారి కాలం నుంచి మాకు బ్యారన్ (పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) ఉంది. ఒకే చేలో, పక్కపక్క సాళ్లలో ఆకు కొట్టినవారిలో ఒకరిద్దరికి వాంతులైతే, మిగిలినవారు మర్నాడు మామూలుగానే పనికి వస్తున్నారు. ఆకులోనే విషముంటే అందరికీ రావాలి కదా? పరగడుపున రావడం, నీళ్లు తాగకపోవడం, ఘాటు పడకపోవడం అసలు కారణాలని నా నమ్మకం. గిట్టుబాటు ధర కోసం వేలం కేంద్రం దగ్గర పడిగాపులు పడే రైతు మీదే ఈ నింద కూడా వేయడం న్యాయం కాదు.

పొదిలి ఫార్మసిస్టు:
రైతు గారు అడిగిన ప్రశ్న సరైనదే, దానికి పరిశోధనల్లో జవాబు కూడా ఉంది. అమెరికాలోని ఫ్లోరిడా పొగాకు కూలీలలో ఈ జబ్బును 1970లోనే వైద్యులు నమోదు చేశారు. 1974లో స్టీఫెన్ గెల్‌బాక్ బృందం ఉత్తర కరోలినా కూలీలను పరిశీలించి, తడి ఆకుల మీద కరిగిన నికోటిన్ చర్మంలోకి ఇంకడమే కారణమని వివరించింది. నికోటిన్ నీటిలో ఇట్టే కరుగుతుంది. మన దగ్గర జనవరిలో మంచుకు నానిన ఆకును కొట్టి, చంకలో ఇరికించుకుని సాలు చివరిదాకా మోసే మనిషిని చూడండి: రవిక చంక నుంచి నడుము దాకా తడిసి ఒంటికి అతుక్కుని ఉంటుంది, వేళ్ల మధ్య నల్లటి జిగురు సబ్బుకు కూడా వదలదు. ఆ తడి బట్టతోనే గంటలు గడుస్తాయి. అంత చలిపూట పని మొదలుపెట్టి, ఎండ ముదరకముందే వాంతులు చేసుకుంటే దాన్ని ఎండదెబ్బ అని ఎలా అనగలం?

అందరికీ ఎందుకు రాదంటే, చుట్ట తాగేవారికి, పొగాకు నమిలేవారికి శరీరం నికోటిన్‌కు అలవాటుపడి ఉంటుంది కాబట్టి లక్షణాలు తక్కువగా కనిపిస్తాయి. ఏ అలవాటూ లేని ఆడపిల్లలు, కొత్తగా పనిలోకి దిగినవారు ముందు పడిపోతారు. నికోటిన్ ఒంట్లో కోటినిన్‌గా మారి మూత్రంలో బయటపడుతుంది కనుక ఇది పరీక్షకు అందే విషయమే. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు పొగాకు కూలీల మీద 1979 నుంచే పరిశోధన పత్రాలు వెలువరించారు. పురుగుమందు తగిలినా దాదాపు ఇవే లక్షణాలు వస్తాయి. అందుకే ఏ పని చేసి వచ్చారో అడగకుండా సెలైన్ ఎక్కించి పంపడం పొరపాటు.

టంగుటూరు రైతు:
మంచు తడి సంగతి ఒప్పుకుంటాను. కానీ కొట్టిన ఆకును ఆ రోజే కర్రలకు అల్లి బ్యారన్‌కు ఎక్కించాలి. పొద్దెక్కాక మొదలుపెడితే అల్లకం చీకటి పడేదాకా సాగుతుంది, ఆ అదనపు కూలి ఎవరిస్తారు? గ్లౌజులు వేసుకుంటే చెయ్యి ఆడదని కూలీలే తీసి పక్కన పెడతారు. ఎరువులకు ఏర్పాటు చేసే పొగాకు బోర్డు, ఆకు కొనే కంపెనీలు ఈ ఖర్చు భరించాలి.

కొండపి టీచరు:
బోర్డు, కంపెనీలు ఖర్చు పంచుకోవాలన్న మాటకు నేనూ సంతకం పెడతాను. అయితే వాళ్లు కదిలేలోపు మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఆకు మోయడానికి చంకకు అడ్డంగా కట్టుకునే ప్లాస్టిక్ పట్టా, చేలో చేతులు కడుక్కోవడానికి నీళ్లూ సబ్బూ, మార్చుకోవడానికి పొడి బట్ట, వాంతి చేసుకున్న మనిషిని కూలి కోయకుండా ఇంటికి పంపడం. వీటిలో మొదటి మూడింటికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. మంచు ఆరేదాకా ఆగితే ఒక బ్యారన్ నింపడానికి నిజంగా ఎన్ని గంటలు ఆలస్యమవుతుందో, ఎంత కూలి పెరుగుతుందో మీ లెక్క ఇక్కడ రాయండి. బోర్డుకు ఇచ్చే వినతిపత్రంలో దాన్నే చేరుద్దాం.