కర్రీ పాయింట్ పెట్టిన బాబాయి: కిర్జ్‌నర్ లెక్కా, నైట్ లెక్కా?

అందరికీ నమస్తే. బెంగళూరులో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాను. సెమినార్ పేపర్‌కి మారతహళ్లిలో మా బాబాయి నడిపే కర్రీ పాయింట్‌నే ఉదాహరణగా తీసుకున్నా. చుట్టుపక్కల పీజీల్లో మన కుర్రాళ్లు గోంగూర పప్పుకి మొహం వాచి ఉన్నారని ముందు కనిపెట్టింది ఆయనే. ఇది 1973లో ఆర్థికవేత్త కిర్జ్‌నర్ చెప్పిన అప్రమత్తత (వేరేవాళ్లు గమనించని లాభావకాశాన్ని ముందే పసిగట్టడం) అనుకున్నా. కొత్తదనం తెచ్చేవాడే ఆంట్రప్రెన్యూర్ (వ్యాపారం మొదలుపెట్టేవాడు) అన్న షుంపీటర్‌ని పక్కన పెట్టేశా, పప్పులో కొత్తేముంది! (పిన్ని ఒప్పుకోదనుకోండి.)

చిక్కంతా ఇక్కడే. కిర్జ్‌నర్ లెక్కలో ఆంట్రప్రెన్యూర్‌కి సొంత పెట్టుబడి అక్కర్లేదు. కానీ షాపు అడ్వాన్సుకి పిన్ని గాజులు తాకట్టులో ఉన్నాయి. రేపు ఎంతమంది వస్తారో ఎవరికీ తెలీదు. 1921లో ఇంకో ఆర్థికవేత్త నైట్, లెక్కగట్టగలిగే రిస్కు నుంచి విడదీసిన, లెక్కకందని అనిశ్చితి ఇదే కదా? ఇద్దరినీ ఒకే పేపర్లో కలపొచ్చా? చదివినవాళ్లు చెప్పండి, సోమవారం ఇచ్చేయాలి, టెన్షన్‌గా ఉంది.