‘టెయింటెడ్ లవ్’: నిలబెట్టింది పాటా, సాఫ్ట్ సెల్ వాయిద్యమా?

పాతరికార్డు: 1981లో ఈ పాటను తిరిగి పాడి హిట్ చేసిన బ్రిటిష్ సింథసైజర్ జంట సాఫ్ట్ సెల్‌ని ఆకాశానికెత్తే ముందు ఒక్క మాట. ఎడ్ కాబ్ రాసిన ఈ పాటను గ్లోరియా జోన్స్ 1964లో పాడితే, మరుసటి ఏడాది బి-సైడ్‌లో, అంటే రికార్డు వెనకవైపు పడి అమెరికాలో ఎవరి చెవికీ ఎక్కలేదు. 70ల్లో ఉత్తర ఇంగ్లండ్ నార్తర్న్ సోల్ (పాత అమెరికన్ సోల్ పాటలకు డాన్సు చేసే) క్లబ్బుల్లో మాత్రం జనం దానికి ఊగిపోయారు. అంటే 1981 నాటికే పాటకు సత్తా ఉందని తేలిపోయింది. వీళ్లు వడ్డించారంతే.

సింథ్‌శాస్త్రి: అయితే 1976 సంగతేంటండీ? అదే పాట, అదే గ్లోరియా జోన్స్, నిర్మాత రాక్ గాయకుడు మార్క్ బోలన్. అయినా చార్టుల్లోకి రాలేదు. 1981లో సాఫ్ట్ సెల్‌ది బ్రిటన్‌లో నంబర్ వన్. అమెరికా హాట్ 100 చార్టులో 8కి మించి ఎక్కకపోయినా 43 వారాలు ఆ చార్టు వదల్లేదు. ఒరిజినల్‌లోని బ్రాస్, గిటార్ పీకేశారు, వేగం తగ్గించారు, తమ గాయకుడు మార్క్ ఆల్మండ్ గొంతుకు సరిపోయేలా శ్రుతిని సి నుంచి జీకి దించారు. తేడా అక్కడుంది.

ఎడమచెయ్యి: వాయించి చూస్తే శాస్త్రిగారి మాటే నిజమనిపిస్తుంది. చరణంలో తిరిగేవి నాలుగే కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు): జీ మైనర్, బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్, సీ మైనర్. ఒక్కోటి రెండు బీట్లు. అన్నీ నటభైరవి రాగం స్వరాలే, కొత్తేం లేదు. పాటను పట్టి ఉంచేది గొంతు ఆగిన చోట పడే ఆ రెండు ‘టింక్ టింక్’ దెబ్బలు.

ఇంట్లో కవర్ చేసేవాళ్లు (పాటను తమ గొంతుతో మళ్లీ రికార్డు చేసేవాళ్లు) చెడగొట్టేదీ అక్కడే. వేగం నిమిషానికి 144 బీట్ల దగ్గర ఒక్కో బీటు సుమారు 0.42 సెకను. దెబ్బ మీద ఒక సెకను రివర్బ్ (గదిలో మోగినట్టు సాగే గుంయ్‌మనడం) పెడితే తోక రెండు బీట్లు దాటిపోయి మాట మీద పడుతుంది. శబ్దం 150 మిల్లీసెకన్లలో చచ్చిపోవాలి. ఎకో కావాలంటే 208 మిల్లీసెకన్లు పెట్టండి, సరిగ్గా అర బీటు. కార్డులు పొట్టిగా కొట్టి వదిలేయండి. వెనకాల స్ట్రింగ్స్ ప్యాడ్ (వయొలిన్ల లాంటి సాగుడు శబ్దం) పరిచారా, ఖాళీలన్నీ పూడిపోయి కల్యాణ మండపం ఆర్కెస్ట్రా అయిపోతుంది.

రాగమాలిక: గొంతును మర్చిపోయారు. యంత్రం నిబ్బరంగా కొడుతుంటే ఆల్మండ్ అల్లాడిపోతూ పాడతాడు. ఆ పొసగనితనమే రుచి. అక్కడక్కడా శ్రుతి అంచు మీద జారతాడు కూడా. శ్రుతి సరిదిద్దే ఆటోట్యూన్‌తో ఆ జారుళ్లు సాపు చేస్తే మిగిలేది రింగ్‌టోనే.

పాతరికార్డు: సరే, వాయిద్యం గొప్పదే అనుకుందాం. మరి డబ్బులెవరికి? బ్రిటన్ సింగిల్ వెనకవైపు కూడా అమెరికా బృందం సుప్రీమ్స్ 1964 పాట కవరే వేసుకున్నారు. రచయిత వాటా రెండు వైపులా బయటివాళ్లకే పోయింది. వెనకవైపైనా సొంత పాట పెట్టుకుని ఉంటే సగం దక్కేది.

సింథ్‌శాస్త్రి: రాయల్టీ లెక్క వేరు, చెవి లెక్క వేరండీ. 2006లో రిహానా ‘ఎస్.ఓ.ఎస్.’ కోసం తీసుకున్న శాంపిల్ (పాత రికార్డు నుంచి కత్తిరించిన ముక్క) ఎవరిది? గ్లోరియా జోన్స్ రికార్డుది కాదు, సాఫ్ట్ సెల్‌ది.

పాతరికార్డు: ఆ పాట రచయితల్లో ఎడ్ కాబ్ పేరుంది, ఆల్మండ్‌ది లేదు. చూసుకోండి.